తిథి తెలియని మృతులు

మన యిండ్లలో ఎవరైనను కన్నుమూసినప్పుడు, చుట్టునున్నవారు కన్నీరు తుడుచుకొనకమునుపే పెద్దలు అడుగు ప్రశ్న యొకటి కలదు: తిథి యేమి? ప్రాణము పోయిన వేళ యెంత? పైకి ఇది పొడిమాటవలె తోచును. కాని దినవారములును, మాసికములును, సంవత్సరీకమును, అటుపై ఏటేట పెట్టు తద్దినమును ఆ తిథి మీదనే నిలిచియున్నవి. మరణము ఎంత పెద్ద దెబ్బయైనను, దానికొక తిథి దొరకెనేని దుఃఖమునకు ఒక గట్టు దొరకినట్లే. ఆ నాడు తలచుకొని యేడ్చి, పదిమందికి అన్నము పెట్టి, మరునాటినుండి తమ పనులలో పడుటకు బ్రదికియున్నవారికి వీలు కలుగును.

మరి తిథియే తెలియని చావు సంగతి యేమి? కళేబరము కంటబడలేదు, చివరిమాట విన్నవారు లేరు, పోయినాడో, ఏ దూరదేశముననో బ్రదికియున్నాడో చెప్పువారు లేరు. ఇట్టి కష్టము ఒకటి రెండు కుటుంబములకు కాక వేలకొలది కుటుంబములకు ఒక్క సంవత్సరముననే వచ్చినది. అది 1942వ సంవత్సరము. ఆ యేట బర్మానుండి కాలినడకను మాతృదేశమునకు బయలుదేరి, దారిలో రాలిపోయిన భారతీయుల కథ మన చరిత్ర గ్రంథములలో పుటలకొలది లేదు, పంక్తులలోనే యున్నది. వారిలో తెలుగువారు మిక్కుటముగా ఉండిరి గనుక, ఆ కథను మనము ఒక పర్యాయము తలచుకొనుట న్యాయము.

ఉత్తరాంధ్ర పల్లెలలో రంగూను పట్టణమునకు 'రంగము' అని పేరు. "రంగము పోయినాడు" అను మాట ఒకప్పుడు పొరుగూరు పోయినాడు అన్నంత సామాన్యముగా వాడుకలో నుండెను. ఆ వాడుకకు కారణము చరిత్రలో కలదు. 1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను వశపరచుకొనిన పిమ్మట, ఐరావతీనది ముఖద్వారమునందలి అడవులు నరకబడి వరిపొలములుగా మారెను. 1869లో సూయజు కాలువ తెరవబడుటతో బర్మా బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. రంగూనులో బియ్యపుమిల్లులు లేచెను, రేవు పెరిగెను. పొలము దున్నుటకు బర్మా రైతులు ఉండిరి. కాని మిల్లులలో బస్తాలు మోయుటకును, ఓడలలో సరకులు ఎక్కించి దింపుటకును కూలీలు చాలలేదు. ఇటు మన తీరమున కరవులు, అప్పులు, కౌలు భారములు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ రేవులనుండి పొగయోడలు రంగూనునకు నడచుచుండెను. ఓడ యెక్కినవాడు కొద్దిదినములలో అక్కడ దిగును. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరునుబట్టి అక్కడివారు మన కూలీలను 'కోరంగీ'లని పిలిచిరి. ఊరి పేరు జాతి పేరాయెను. కాలక్రమమున అది ఎగతాళి పేరును ఆయెను.

1931 జనాభా లెక్కలలో బర్మాయందలి భారతీయుల సంఖ్య 10,17,825. రంగూను నగరజనసంఖ్య 4,00,415 కాగా, అందులో 2,12,929 మంది భారతీయులే. అనగా బర్మా రాజధానిలో సగమునకు మించి మనదేశీయులు. వారిలో వడ్డీవ్యాపారము చేయు చెట్టియారులును, గుమాస్తాలును, వైద్యులును, పోలీసులును ఉండిరి. తెలుగువారిలో అధికసంఖ్యాకులు మాత్రము కూలీలు: రేవులో మూటలు మోయువారు, మిల్లులలో పనిచేయువారు, రిక్షా లాగువారు, సంపాను పడవలు నడపువారు, నగరపు వీధులను, మరుగుదొడ్లను శుభ్రపరచువారు. వీరిని తీసికొనిపోవువాడు మేస్త్రీ. ఓడ కూలియు, ఇంటివద్ద విడిచిపోవు కుటుంబమునకు కొంత రొక్కమును ముందుగా ఇచ్చి, ఆ బాకీ తీరువరకు కూలిడబ్బు తన చేతిమీదుగానే నడపుచుండెను. పోయినవారిలో మగవారే ఎక్కువ. రెండు మూడేండ్లు కష్టపడి, మనియార్డరులు పంపి, తిరిగివచ్చి పెండ్లియో ఇల్లో చూచుకొని, మరల ఓడ యెక్కుట వారి జీవితక్రమము.

ఆ జీవితములో మృత్యువు మునుపే తొంగిచూచెను. 1930 మే నెలలో రంగూను రేవునందలి తెలుగుకూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మనిరి. పొట్టకూటికై వచ్చిన ఇద్దరు పేదలనడుమ రగిలిన ఆ పగ 26వ తేదీన కొట్లాటగా మారి, దినములకొలది సాగి వందకు పైగా ప్రాణములను బలిగొనెను. చచ్చినవారిలో ఎక్కువమంది మనవారే. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1938లో మరల అల్లరులు చెలరేగెను. ఆ నాటికే చాలమంది తెలుగువారి మనస్సులలో, ఈ నేల మనది కాదను మాట నాటుకొనియుండును. అయినను ఇంటివద్ద అప్పు తీరనిదే ఎట్లు వచ్చుట?

1941 డిసెంబరు 23వ తేదీ ఉదయమున జపాను విమానములు రంగూనుపై మొదటిసారి బాంబులు వేసెను. అంతకుముందు విమానదాడిని చూచి యెరుగని జనము వీధులలో నిలబడి ఆకాశమువంక వింతగా చూచుచుండిరట. రేవును, దాని చుట్టుపట్ల వాడలును దెబ్బతినెను. తలదాచుకొను చోటులు చాలనందున ఆ నాడును, మరల 25వ తేదీనను వేయిమందికి మించి మరణించిరి. రేవుకూలీలు, పారిశుద్ధ్యపు పనివారు, బండివారు మూటలు నెత్తిన పెట్టుకొని ఉత్తరముగా ప్రోము దారి పట్టిరి. నగరము ఒక్కసారిగా కట్టెవలె బిగుసుకొనిపోయెను. ఓడలనుండి సరకు దింపువాడు లేడు. వీధి ఊడ్చువాడు లేడు. శవములను తీయువాడును లేడు. ఇన్నాళ్లు ఎవరిని 'కోరంగీ' అని తేలికగా చూచిరో, వాని చేతిమీదనే ఆ నగరము నిలిచియున్నదని అప్పుడు తేటతెల్లమయ్యెను.

కావుననే అధికారులు వారిని వెనుకకు రప్పింప జూచిరి. నచ్చజెప్పి, అభయమిచ్చి, అనేకులను నగరమునకు మరలించిరి. కాయకష్టము చేయగల మగవారికి ఓడ డెక్కు టిక్కెట్టు దొరకుట కష్టమాయెను. దారి కొంతకాలము మూయబడి తిరిగి తెరవబడెను. ఓడలలో వెళ్లినవారు మొత్తము మీద 70,000 మంది, విమానములలో వెళ్లినవారు సుమారు పండ్రెండువేలు. డబ్బును, పలుకుబడియు గలవారికే ఈ రెండు మార్గములును ఎక్కువగా దక్కెను. 1942 ఫిబ్రవరి 20వ తేదీన నగరము ఖాళీచేయుమను ఉత్తరువు వచ్చెను. మార్చి 8వ తేదీన రంగూను జపానువారి చేతిలో పడెను. సముద్రపు తలుపు మూసికొనిన తరువాత మిగిలినది నడకయే.

నడచుటకు మూడు దారులుండెను. మొదటిది ప్రోమునుండి అరకాను కొండలమీదుగా టౌంగుప్ చేరి, అక్కడనుండి పడవలలో అక్యాబునకును, చిట్టగాంగునకును పోవు దారి. కొండదారి సుమారు 110 మైళ్లు, నీటిచుక్క దొరకుట అరుదు, దారిపొడవున కలరా. జనవరినుండి మార్చివరకు లక్షకు పైగా జనము ఈ దారిని వచ్చిరి. రెండవది మాండలే మీదుగా చింద్విన్ నదిని దాటి, కలేవా, తమూ, పాలేల్ గుండ ఇంఫాలునకును, అక్కడనుండి 134 మైళ్ల దూరమున నున్న డీమాపూర్ రైలుస్టేషనునకును వచ్చు మణిపురపు దారి. ఏప్రిలు 3వ తేదీన మాండలే బాంబులపాలై కాలిపోగా, అక్కడ శిబిరములలో నిలిచియున్న వేలమంది చెల్లాచెదురై ఈ దారి పట్టిరి. మూడవది అన్నిటికంటె క్రూరమైనది. మే 6వ తేదీన మిచినా విమానాశ్రయము బాంబులకు గురియైనపిమ్మట ఇక విమానము లేదని తెలిసి, జనము హుకావుంగ్ లోయగుండ పాంగ్సౌ కనుమ దాటి అస్సాములోని లేడోకు నడువసాగిరి.

ఆ మూడవదారి పట్టినవారు వేలలోనే యుండిరి. కాని వారికి వర్షకాలము ఎదురువచ్చెను. మే నెలాఖరునకే వానలు పట్టుకొనెను. మోకాలిలోతు బురద, జలగలు, పొంగిపొరలు ఏరులు, మలేరియా, రక్తవిరేచనములు. కొందరు షింగ్‌బ్వియాంగ్ అను చోట ముందుకు పోలేక, వెనుకకు రాలేక నెలలతరబడి చిక్కుకొనిరి. ఆకాశమునుండి విమానములు జారవిడిచిన ఆహారము కొందరిని బ్రదికించినది. ఎందరికో అది చాలలేదు, ఎందరికో అందలేదు. ఆ యేటి చివర అదే మార్గమున లేడో రోడ్డు వేయ నారంభించినవారికి, దారిప్రక్క కూలిన గుడిసెలలో పక్కపక్కన కుటుంబములు కుటుంబములుగా అస్థిపంజరములు కనబడెను. తల్లి ఎవరో, బిడ్డ ఎవరో ఎముకల పొడవునుబట్టి ఊహింపవలసినదే. పేరు తెలియు మార్గము లేదు.

ఈ ప్రయాణములో మృత్యువు అందరిని సమానముగా చూచినదని చెప్పరాదు. మణిపురపు దారిలో ఐరోపీయులకు వేరుదారి, భారతీయులకు వేరుదారి యేర్పడి, వానికి 'తెల్లదారి', 'నల్లదారి' అను పేర్లు పుట్టెను. నీరు, వాహనము, శిబిరము తెల్లదారిలో మేలుగా నుండెను. ఈ సంగతి దేశములో అలజడి పుట్టించెను. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో విదేశ భారతీయుల శాఖ చూచుచున్న మాధవ శ్రీహరి అణే, పండిత హృదయనాథ కుంజ్రూ మొదలగువారు ఆ ప్రాంతమునకు స్వయముగా పోయి పరిశీలించిరి. గాంధీమహాత్ముడు ఈ రెండు దారుల భేదమును 'హరిజన' పత్రికలో తీవ్రముగా నిరసించెను. 1942 ఆగస్టులో వెలువడిన క్విట్ ఇండియా పిలుపు వెనుక ఈ నడకదారుల అవమానమును ఒక కారణమని చరిత్రకారులు చెప్పుదురు. చావులో కూడ ఉన్న తరతమభేదము జాతిని మేల్కొల్పినదన్నమాట.

అయితే అదే దారిలో మనుష్యత్వము చావలేదు. ఇండియన్ టీ అసోసియేషను పిలుపుపై అస్సాము తేయాకు తోటలనుండి వేలమంది కూలీలు వచ్చి దారులు నరకి, శిబిరములు వేసి, నడువలేనివారిని మోసికొనివచ్చిరి. ఆ తోటలలోను మన గంజాము, విశాఖపట్టణము సీమలనుండి మునుపు వలసపోయినవారి సంతతి కలదు. ఒక వలసకూలీ మరియొక వలసకూలీని భుజాన మోసిన చరిత్ర ఇది. కొండజాతులవారు దారి చూపిరి, పడవలు కట్టిరి, బియ్యము ఇచ్చిరి. మార్వాడీ రిలీఫ్ సొసైటీ వంటి సంస్థలు అన్నము, గుడ్డలు, మందులు సమకూర్చెను. దఫా నది వరదలో చిక్కుకొనినవారిని గైల్స్ మాక్రెల్ అను తేయాకు వర్తకుడు ఏనుగులపై దాటించెను. శిబిరములలో కలరా టీకాలు వేయుచు తామే జ్వరముతో పడిపోయిన వైద్యులును, ఉద్యోగులును కలరు.

ఇంతటి విపత్తులో జనము చావునెట్లు ఎదుర్కొనిరి అను ప్రశ్నకు సమాధానము సులభము కాదు. ఏలయన, ఆ ప్రయాణమును గురించి వ్రాసినవారిలో అధికులు దొరలు, అధికారులు, తోటల యజమానులు. మూటలు మోయు తెలుగువాడు తన కథను వ్రాయలేదు. వానికి వ్రాత రాదు. అతని చావు ఇతరుల కంటితోనే మనకు కనబడుచున్నది. ఆ వ్రాతలనుబట్టి కొన్ని సంగతులు మాత్రము తెలియుచున్నవి. మొదట జనము గుంపులుగా, ఊరివారితో ఊరివారు కలిసి నడచిరి. ముసలివారిని, బిడ్డలను వంతులవారిగా మోసిరి. కలరా తగిలినవాని చెంత నిలిచినచో గుంపంతయు నిలువవలెను. నిలిచినచో నీరు లేదు. అప్పుడు చెట్టుక్రింద పండబెట్టి, దగ్గర కాసిని నీళ్లుంచి, వెనుకకు చూడక సాగిపోయిరి. కొందరు మాత్రము నిలిచిరి. నిలిచినవారు గుడిసెలలో ఎముకలై దొరకిరి. సాగిపోయినవారిని కఠినులనుట మనకు తగదు. బ్రదికి యిల్లు చేరినవారిలో అనేకులు ఆ చెట్టును గురించి జీవితాంతము నోరెత్తలేదు. ఆ మౌనమే వారు చేసిన అపరకర్మ యనుకొనవలెను.

అంత్యక్రియల మాట చెప్పనక్కరలేదు. తడిసిన అడవిలో కట్టె రగులదు. త్రవ్వుటకు గడ్డపార లేదు, ఉన్నను త్రవ్వు సత్తువ లేదు. శిబిరముల చెంత మరణించినవారిని అధికారులు సామూహికముగా దహనముచేయుటయో, పూడ్చుటయో జరిగెను. శిబిరమునకు చేరనివారిని వానలే కప్పెను.

ఇక ఇటు మన తీరమున నున్నవారి సంగతి చూతము. మనియార్డరు ఆగెను, ఉత్తరము ఆగెను. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను బాంబులు పడెను. రంగము పోయినవాడు ఏ రేవున ఓడ యెక్కెనో ఆ రేవే కంపించెను. పట్టణములు ఖాళీయై జనము పల్లెలకు పరుగెత్తుచుండిరి. ఆ గడబిడలో కాళ్లు వాచి, గడ్డము పెరిగి, ఎముకలగూడై ఒకడు ఊరికి తిరిగివచ్చినచో, ఊరంతయు అతని చుట్టు చేరి అడుగునది ఒకటే: మావాడు కనబడెనా? చూచితినని చెప్పినవానిని ఎక్కడ అని అడుగుదురు. చూడలేదని చెప్పినచో ఆశ మిగులును. నిజము తెలిసినను చెప్పనివారును ఉందురు. అబద్ధపు ఆశ మేలా, నిజమైన దుఃఖము మేలా అను ప్రశ్న ఇట్టి కాలములలో ప్రతి గుమ్మమునందును నిలుచును.

మన ధర్మశాస్త్రకారులు ఈ అవస్థను ఎరుగనివారు కారు. దేశాంతరము పోయి జాడ తెలియనివానికొరకు పండ్రెండేండ్లు ఎదురుచూడవలెనని సాధారణముగా చెప్పిరి. ఆ గడువు తీరిన తరువాత 360 మోదుగాకుల కాడలతో మనిషి ఆకారము కట్టి, దానికే దహనసంస్కారము చేసి, అది మొదలుకొని కర్మలు జరుపవలెనని విధించిరి. మరణించిన మాసము తెలిసి తిథి తెలియనిచో ఆ మాసపు అమావాస్యనాడును, ఏమియు తెలియనివారికి మహాలయ అమావాస్యనాడును పెట్టుట ఆచారము. ఈ విధులను ఆచారపు చాదస్తమని త్రోసివేయువారు ఒక సంగతి గమనింపవలెను. ఇవి పోయినవారికొరకు ఎంతయో, ఉన్నవారికొరకు అంత. పండ్రెండేండ్లవరకు ఆశను చంపవద్దు. పండ్రెండేండ్లు దాటిన ఆశతో మిమ్ము మీరు చంపుకొనవద్దు. ఈ రెండు మాటలను ఆకులకాడలతో చెప్పిరి.

మన న్యాయశాస్త్రమును ఇదే ప్రశ్నకు వేరొక సమాధానము చెప్పినది. 1872నాటి సాక్ష్యపు చట్టములోని 108వ సెక్షను ప్రకారము, బ్రదికియున్నచో వార్త వినవలసినవారు ఏడు సంవత్సరములపాటు ఏ వార్తయు వినకున్నచో, ఆ మనిషి సజీవుడని చెప్పువాడే దానిని రుజువు చేయవలెను. 2024 జూలై 1వ తేదీనుండి ఆ చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను ఈ నియమము నిలిచియున్నది. ఆస్తి పంపకము, పింఛను, పునర్వివాహము వంటి వ్యవహారములు సాగవలెను గదా! ఐనను కోర్టులు ఒక మాట స్పష్టముగా చెప్పినవి: చట్టము మరణమును మాత్రమే ఊహించును, మరణము ఎప్పుడు జరిగెనో ఊహింపదు. అనగా 1942లో అడవిలో తప్పిపోయినవానిని 1949లో చట్టమును, 1954లో శాస్త్రమును మృతునిగా అంగీకరించినవి. కాని రెండును తిథి మాత్రము చెప్పలేకపోయినవి.

వాస్తవమునకు ఆ దారిలో పోయిన కూలీల యిండ్లలో మోదుగాకుల క్రియ జరిపించుకొనగల స్తోమతు గలవి కొద్ది. వారికి వేరొక ఆచారము తోడుపడినది. కోస్తా పల్లెలలో సంక్రాంతినాడు పెద్దలకు పెట్టుట అను వాడుక కలదు. కొత్తబట్టలను, వండిన పిండివంటలను గోడవారగా పెట్టి, దీపము వెలిగించి, ఇంట గతించినవారిని అందరిని కలిపి తలచుకొందురు. తెలంగాణములో పెత్తరమాసనాడు ఈ పని జరుగును. ఇందులో తిథి అడుగువారు లేరు. పురోహితుడు లేకున్నను చెల్లును. కాని ఇక్కడ ఒక చిక్కు కలదు: జాడ తెలియనివాని పేరును పెద్దలలో చేర్చవలెనా, వద్దా? చేర్చినచో అతడు చచ్చినట్లు. చేర్చకున్నచో అతడు ఆకలితో నున్నట్లు. భార్య బొట్టు చెరపవలెనా, ఉంచవలెనా అను ప్రశ్నయు దీనితోనే ముడిపడియున్నది. ఏ యేట తల్లి తన కొడుకు పేర ఒక పంచెను ఆ బట్టలలో చేర్చునో, ఆ యేడే ఆ యింట అతని మరణము. అది శాస్త్రము నిర్ణయించినది కాదు, చట్టము నిర్ణయించినది కాదు. ఒక తల్లి నిర్ణయించినది.

ఎందరు మరణించిరి? భూమార్గమున భారతదేశమునకు చేరినవారు నాలుగు లక్షలకు తక్కువ కారని అంచనా. దారిలో చనిపోయినవారు పదివేలని కొందరు, యాభైవేలని కొందరు, అంతకు మించిరని మరికొందరు అందురు. పదివేలకును యాభైవేలకును నడుమనున్న నలుబదివేల ప్రాణుల మాటయే ఈ వ్యాసమునకు మూలము. ఒక్కొక్క ప్రాణి వెనుక ఒక్కొక్క యిల్లు. లెక్క ఎందుకు తేలలేదు? చేరినవారిని శిబిరములలో లెక్కించిరి. బయలుదేరినవారిని ఎవరును లెక్కింపలేదు. కూడికకు ఒక అంకె కావలెను, తీసివేతకు రెండు కావలెను. రెండవ అంకె లేదు. ఈ ప్రయాణముపై 1975లో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసిన ఆంగ్ల చరిత్రకారుడు హ్యూ టింకర్ దీనిని మరువబడిన సుదీర్ఘయాత్ర యని పేర్కొనెను. అప్పటికి గడచినది ముప్పదిమూడేండ్లే.

అదే యుద్ధమున మరణించిన సైనికుల సంగతి వేరు. రంగూను చెంత తౌక్యాన్ సమాధిక్షేత్రములో, సమాధి తెలియని సుమారు ఇరువదియేడువేల సైనికుల పేర్లు రాతిస్తంభములపై చెక్కబడియున్నవి. అందు భారతీయుల పేర్లే అధికము. ఇంఫాలులోను, కోహిమాలోను, డిగ్బోయిలోను తీర్చిదిద్దిన సమాధిక్షేత్రములు కలవు. సైనికునికి నంబరు ఉండెను, పటాలము ఉండెను, జీతపు చిట్టా ఉండెను. కావున చచ్చినతరువాతను అతడు కాగితముపై బ్రదికెను. కూలీకి మేస్త్రీ బాకీచిట్టా తప్ప వేరు కాగితము లేదు. ఆ చిట్టాయును రంగూనులో కాలిపోయెను. శరీరమునకు చావు ఒక్కటే. పేరునకు మాత్రము ఇట్లు రెండు విధములు.

యుద్ధానంతరము కొందరు తెలుగువారు మరల బర్మా పోయిరి. 1948 జనవరి 4వ తేదీన ఆ దేశము స్వతంత్రమయ్యెను. 1964లో అచటి సైనిక ప్రభుత్వము అంగళ్లను, వర్తకమును జాతీయము చేయగా, లక్షన్నరకు మించిన భారతీయులు తరువాతి సంవత్సరములలో మరల మాతృదేశమునకు రావలసివచ్చెను. ఈసారి వారు ఓడలలో వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము చెంత వారికై వెలసిన 'బర్మా క్యాంపు' పేరు ఇప్పటికిని ఆ జ్ఞాపకమును నిలుపుచున్నది. వచ్చినవారికి ఒక వాడ మిగిలినది. రానివారికి ఒక రాయియు లేదు.

ఈ కథ ముగిసిన కథ యని తలపరాదు. 2020వ సంవత్సరమున మహమ్మారి కాలములో, నగరములనుండి కాలినడకను స్వగ్రామములకు పోవు కూలీల వరుసలను మనమందరము చూచితిమి. దారిలో మరణించిన వలసకూలీలు ఎందరని ఆ సెప్టెంబరులో లోకసభలో ప్రశ్నింపగా, అట్టి లెక్క నిర్వహింపబడలేదని సమాధానము వచ్చెను. డెబ్బదియెనిమిదేండ్ల అంతరములో రెండు నడకలు. రెండవ అంకె రెంటను లేదు. ఇది ఒకరిని దూషించుటకు చెప్పు మాట కాదు. ప్రభుత్వోద్యోగులమైన మనకు కాగితపు విలువ ఇతరులకంటె బాగుగా తెలియును. మన బల్లమీదికి వచ్చు నమోదు కాగితములో ఒక పేరు, ఒక ఊరు, ఒక తేదీ సరిగా నింపుట విసుగుపుట్టించు పనిగా తోచును. కాని ఆ మూడు గడులే ఒకనాడు ఎక్కడనో ఒక తల్లికి కొడుకు తిథి కావచ్చును.

నాటి పదియేండ్ల బాలుడు నేడు తొంబదియేండ్లు దాటినవాడు. ఆ నడకను కండ్లార చూచినవారు ఇక మిగిలినది అతి స్వల్పము. అయినను వారి నోట విన్న బిడ్డలు, మనుమలు మనలోనే యుందురు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి వచ్చి ఈ సంఘమున చేరిన సోదర సోదరీమణులు సెలవులలో ఊరికి పోయినప్పుడు, ఇంటి పెద్దలను ఒక మాట అడుగుదురు గాక: మన యింటినుండి రంగము పోయి తిరిగిరానివారు ఎవరైన కలరా? కలరన్నచో వారి పేరు, ఊరు, పోయిన సంవత్సరము ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు. చరిత్ర కూడ అట్టి కాగితములతోనే కట్టబడును.

మన తర్పణవిధిలో చివర ఒక చిన్న క్రియ కలదు. తమతమవారికి పేరుపేరున నీరు విడిచినతరువాత, కట్టుకొనిన తడిబట్ట కొంగును నేలపై పిండుదురు. వంశమున సంతతి లేక పోయినవారికి, పేరు పెట్టి పిలుచువారు లేనివారికి ఆ పిండిన నీరు చెందునని చెప్పుదురు. అది పాత్రనుండి విడిచిన నీరు కాదు. బట్టనుండి జారిన నీరు. అంతమాత్రమైనను వారికొరకు ఒక చోటు విడిచిపెట్టిన పెద్దల మనస్సు గొప్పది. అరకాను కొండలలోను, హుకావుంగ్ అడవిలోను నిలిచిపోయిన మనవారికి మనము ఈయగలిగినదియు ఇంతే. వారిని తలచుకొని, తెలిసిన పేర్లు వ్రాసి, ఇకముందు పేరు లేని చావు మన కాగితములలో లేకుండ చూచుటయే ఆ తడికొంగు పిండుట.